‘మూన్ బీమ్స్’లో బాస్ నిజంగా వెనక్కి తగ్గిందా?

మీ ప్రశ్నను ఒకసారి నా మాటల్లో పెట్టుకుంటాను. జాజ్ పియానిస్టు బిల్ ఎవాన్స్ ట్రియో (ముగ్గురి బృందం) 1961లో న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో చేసిన రికార్డులు మీకు బాగా నచ్చాయి. ఆ ఊపులో 1962 నాటి స్టూడియో ఆల్బమ్ ‘మూన్ బీమ్స్’ పెట్టి వింటే నీరసంగా అనిపించింది. బాస్ (అడుగు స్వరాలు పలికే పెద్ద తీగ వాద్యం) ఎక్కడో మూలన కూర్చున్నట్టుంది, పాటలన్నీ నెమ్మదిగానే నడుస్తున్నాయి. పాత బాసిస్టు స్కాట్ లఫారో పోయిన దుఃఖంలో, బృందం ఇంకా కుదురుకోకముందే చేసిన పనిగా దీన్ని పక్కన పెట్టేయవచ్చా, లేక నాకే ఏదో వినబడటం లేదా అన్నది మీ సందేహం. పియానో నేర్చుకుంటున్నాను, ఇందులో ఏ పాటతో మొదలుపెట్టమంటారు అని కూడా అడిగారు.

పక్కన పెట్టకండి. ఎవాన్స్ రికార్డుల్లో నేను విద్యార్థుల చేత ఎక్కువగా వినిపించేది ఇదే. మీకు వినబడుతున్న తేడా నిజమైనదే, కానీ అందులో సగం వాయించినవాళ్ల వల్ల వచ్చింది కాదు. టేపులో ఉన్న సంగీతాన్ని ఏ లెక్కన ఏరి ఏ రికార్డులో పెట్టారన్న దాని వల్ల వచ్చింది. మిగిలిన సగం బాస్ మీద లఫారో స్థానంలో చక్ ఇజ్రాయెల్స్ రావడం వల్ల వచ్చింది. అది లోటు అని నేననుకోను. ఈ రెండూ విడదీసి చూస్తే గానీ ఆల్బమ్ అర్థం కాదు.

ముందు మొదటి సగం సంగతి. ఎవాన్స్, లఫారో, డ్రమ్స్ మీద పాల్ మోషియన్, ఈ ముగ్గురూ 1959 చివర్లో కలిశారు. స్టూడియోలో చేసినవి రెండే ఆల్బమ్‌లు: 1959 డిసెంబరులో ‘పోర్ట్రెయిట్ ఇన్ జాజ్’, 1961 ఫిబ్రవరిలో ‘ఎక్స్‌ప్లొరేషన్స్’. 1961 జూన్ 25, ఆదివారం. ఆ మధ్యాహ్నం, సాయంత్రం కలిపి వాన్‌గార్డ్‌లో అయిదు విడతలు (సెట్లు) వాయించారు. రివర్‌సైడ్ కంపెనీ నిర్మాత ఒరిన్ కీప్‌న్యూస్ అంతా రికార్డు చేయించాడు. సరిగ్గా పదకొండు రోజులకు, జూలై 6న, న్యూయార్క్ రాష్ట్రంలో జరిగిన కారు ప్రమాదంలో లఫారో చనిపోయాడు. అప్పటికి అతని వయసు 25.

ఆ తర్వాత ఎవాన్స్, కీప్‌న్యూస్ కూర్చుని ఆ టేపుల్లోంచి ఒక రికార్డుకు సరిపడా ఏరారు. ఏం చూసి ఏరారు? లఫారో బాగా ముందుకొచ్చిన చోట్లు చూసి. ‘సండే ఎట్ ద విలేజ్ వాన్‌గార్డ్’ అలా తయారైంది. అది లఫారో రాసిన ‘గ్లోరియాస్ స్టెప్’తో మొదలై, లఫారోదే అయిన ‘జేడ్ విజన్స్’తో ముగుస్తుంది. పోయిన స్నేహితుడికి నివాళిగా కూర్చిన రికార్డు అది. ఆ ట్రియో అంటే ఇలాగే ఉండేదని మన మనసులో నిలిచిపోయిన బొమ్మ చాలావరకు ఆ ఏరిక వల్ల వచ్చిందే. అదే రోజు టేపుల్లో మిగిలినవాటితో వచ్చిన ‘వాల్ట్జ్ ఫర్ డెబ్బీ’ పెట్టి, మొదటి పాట ‘మై ఫూలిష్ హార్ట్’ ఒక్కసారి వినండి. లఫారో ఎంత తక్కువ వాయించాడో చూడండి. కొసరి కొసరి ఒక్కో స్వరం వేసి, దాన్ని చివరిదాకా మోగనిచ్చి, ఊరుకుంటాడు. బాస్ ఎగిరెగిరి మాట్లాడే లఫారో ఆ పాటలో ఎక్కడా లేడు. పాట అడగలేదు కనుక అతను వాయించలేదు.

ఇప్పుడు ‘మూన్ బీమ్స్’కు రండి. దీన్ని 1962 మే 17, మే 29, జూన్ 5 తేదీల్లో న్యూయార్క్‌లోని సౌండ్ మేకర్స్ స్టూడియోలో రికార్డు చేశారు. ఆ మూడు రోజుల్లో ట్రియో వాయించింది నెమ్మది పాటలు మాత్రమే అనుకుంటే పొరపాటు. నెమ్మదివి, చురుకైనవి కలగలిపి వాయించారు. మొత్తం ఒక్క ఆల్బమ్ నిండా బాలడ్లే (నెమ్మది పాటలే) ఉంటే బాగుంటుందన్నది ఆలోచన. కానీ వరసగా బాలడ్లే వాయిస్తూ పోతే వాయించేవాళ్లకే చేతులు మొద్దుబారిపోతాయి. అందుకని కీప్‌న్యూస్ రెండు రకాలూ మార్చి మార్చి వాయించమని చెప్పి, తర్వాత టేపును రెండుగా విడదీశాడు. నెమ్మదివి ‘మూన్ బీమ్స్’గా 1962లోనే వచ్చాయి. చురుకైనవి ‘హౌ మై హార్ట్ సింగ్స్!’ పేరుతో 1964లో వచ్చాయి. ఒకే గదిలో, అవే రోజుల్లో, అదే ముగ్గురు వాయించిన సంగీతంలో సగమే మీరు విన్నారు. అదీ కావాలని నిదానమైనవి ఏరి పెట్టిన సగం.

అంటే మీరు చేసిన పోలిక ఎలా ఉందో చూడండి. ఒక పక్క బాస్ కోసం ఏరిన రికార్డు, ఇంకో పక్క నెమ్మదితనం కోసం ఏరిన రికార్డు. రెండో దాంట్లో బాస్ తగ్గినట్టు వినబడకపోతేనే ఆశ్చర్యం. న్యాయంగా పోల్చాలంటే ‘మై ఫూలిష్ హార్ట్’ పక్కన ‘పోల్కా డాట్స్ అండ్ మూన్‌బీమ్స్’ పెట్టండి. ‘సండే ఎట్ ద విలేజ్ వాన్‌గార్డ్’లోని ‘సోలార్’ పక్కన ‘హౌ మై హార్ట్ సింగ్స్!’లోని ‘వాకింగ్ అప్’ పెట్టండి. మొదటి జత వింటే ఇద్దరు బాసిస్టుల మధ్య దూరం మీరనుకున్నంత లేదని తెలుస్తుంది. రెండో జత వింటే అసలు తేడా ఎక్కడుందో బయటపడుతుంది.

ఆ అసలు తేడా ఎవాన్స్ ఎడమ చేతితో ముడిపడి ఉంది. మీరు పియానో ముందు కూర్చుంటారు కనుక చేసి చూపిస్తాను.

సి మేజర్‌లో డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్ సెవెన్ అనే మామూలు కార్డ్‌ల (కలిపి మోగించే స్వరాల గుంపుల) వరస తీసుకోండి. పాత పద్ధతిలో ఎడమ చెయ్యి అడుగున కార్డ్‌కు పేరిచ్చే డి, జి, సి అనే రూట్ స్వరాలు నొక్కుతుంది. ఎవాన్స్ వాటిని వదిలేస్తాడు. మొదటి కార్డ్‌కు మధ్య సి చుట్టుపక్కల ఎఫ్, ఏ, సి, ఈ (F, A, C, E) పట్టుకోండి. రెండోదానికి ఎఫ్, ఏ, బి, ఈ. మూడోదానికి ఈ, జి, బి, డి. మొదటినుంచి రెండోదానికి వెళ్లేటప్పుడు కదిలింది ఒక్క వేలే, సి నుంచి బి మీదికి. రెండోదాని నుంచి మూడోదానికి వెళ్లేటప్పుడు బి అక్కడే ఉంటుంది, మిగతావి ఒక్కో మెట్టు దిగుతాయి. చెయ్యి దాదాపు ఉన్నచోటే ఉంది, కింద మూడు కార్డ్‌లు దాటిపోయాయి. ఈ పట్టులు ఎవాన్స్ ఒక్కడివే కావు గానీ, వాటిలోని లోపలి స్వరాలను పాడించడం మాత్రం అతనిలా ఎవరూ చేయలేదని నా అభిప్రాయం.

ఇప్పుడు బాస్ లేకుండా ఎఫ్, ఏ, సి, ఈ ఒక్కటే నొక్కి వినండి. అది ఎఫ్ మేజర్ సెవెన్‌లా వినబడుతుంది. ఈ, జి, బి, డి నొక్కితే ఈ మైనర్ సెవెన్‌లా వినబడుతుంది. కింద ఎవరో డి వేస్తేనే మొదటిది డి మైనర్ అవుతుంది, సి వేస్తేనే మూడోది సి మేజర్ అవుతుంది. కార్డ్ పేరు నిర్ణయించే అధికారం పియానో చేతిలోంచి బాస్ చేతికి పోయింది. లఫారో ఆ అధికారంతో ఆడుకున్నాడు. రూట్ వేయాల్సిన చోట వేయకుండా పైకి పోయి ఒక పాటలాంటి వరస అల్లేవాడు. శ్రోత చెవి ఇది ఏ కార్డ్ అన్న అనుమానంలో తేలుతూ ఉండేది. వాన్‌గార్డ్ రికార్డుల్లో ఆ గాలిలో తేలే గుణం ఇక్కడినుంచే వచ్చింది.

చక్ ఇజ్రాయెల్స్ అలా చేయలేదు. వేయాల్సిన చోట, వేయాల్సిన క్షణంలో, గుండ్రటి నాదంతో రూట్ వేశాడు. దాంతో ఏమైందంటే ఎవాన్స్ పట్టిన ప్రతి కార్డ్ పూర్తి రంగుతో వినబడటం మొదలైంది. చెవికి అనుమానం తీరిపోయింది కనుక అది ఇప్పుడు పైకి చూడగలదు, లోపల కదిలే రెండో మూడో స్వరాలను పట్టుకోగలదు. లఫారో ఉన్నప్పుడు సంభాషణ పియానోకూ బాస్‌కూ మధ్య నడిచేది. ‘మూన్ బీమ్స్’లో అది పియానో లోపలికి, పై స్వరానికీ నడిమి స్వరాలకూ మధ్యకు వచ్చింది. ‘పోల్కా డాట్స్’లో పాట మొదట వచ్చేటప్పుడు పై స్వరాన్ని చెవినుంచి వదిలేసి, దాని కింది స్వరం ఒక్కదాన్నే వెంబడించండి. అదొక ప్రత్యేకమైన పాటలా వినబడుతుంది. ఒకసారి విన్నాక ఈ ఆల్బమ్‌ను మళ్లీ నీరసమని అనలేరు.

ఇజ్రాయెల్స్ గురించి ఇంకొక్క మాట. అతన్ని లఫారోలా వాయించలేక సర్దుకున్న మనిషిగా చూడటం నాకు ఎప్పుడూ అన్యాయంగా అనిపిస్తుంది. అతను తెలియని కుర్రాడు కాదు. 1958లోనే శాక్సోఫోన్ కళాకారుడు జాన్ కోల్ట్రేన్, పియానిస్టు సెసిల్ టేలర్ కలిసిన రికార్డులో బాస్ వాయించినవాడు. ఎవాన్స్‌తో కూడా స్టూడియోకు రావడం ఇది మొదటిసారి కాదు. 1961 డిసెంబరులో ఫ్లూట్ కళాకారుడు హెర్బీ మాన్ రికార్డు ‘నిర్వాణ’ కోసం ఎవాన్స్, ఇజ్రాయెల్స్, మోషియన్ కలిసి వాయించారు. లఫారో వదిలి వెళ్లిన చోట నిలబడి లఫారోను అనుకరించడం అప్పట్లో ఎవరికైనా తోచే మొదటి ఆలోచన. అది చేయకుండా ఉండటానికి ధైర్యం కావాలి, పాటల పట్ల బాధ్యత కావాలి.

‘మూన్ బీమ్స్’ తెరుచుకునేదే ఇజ్రాయెల్స్ అవసరం ఏమిటో చూపించే పాటతో, ‘రీ: పర్సన్ ఐ న్యూ’. ఎవాన్స్ రాసిందే. ఆ పేరులోని అక్షరాలు అటూ ఇటూ మారిస్తే ఇంగ్లీషులో ఒరిన్ కీప్‌న్యూస్ అని వస్తుంది. ఇందులో అడుగున సి స్వరం చాలాసేపు కదలకుండా ఉంటుంది, పైన కార్డ్‌లు మాత్రం వెలుగు నీడల్లా మారిపోతుంటాయి. కచేరీల్లో తంబూరా వింటూ పెరిగిన చెవులకు ఇది వెంటనే అందుతుంది. తంబూరా మారదు కనుకనే రాగం మారిన ప్రతి మలుపూ మనకు తెలుస్తుంది. ఇక్కడ బాస్ పని అదే. అడుగున సి నిలబడబట్టే పైన ఒక స్వరం అర మెట్టు దిగినా మనకు లోపల ఏదో కదిలినట్టుంటుంది. ఈ పాటలో బాస్ చిలవలు పలవలుగా వాయిస్తే పాటే ఉండదు.

దుఃఖం సంగతి అడిగారు. లఫారో పోయాక ఎవాన్స్ కొన్ని నెలలు దాదాపు పియానో ముట్టలేదన్నది నిజం. హెరాయిన్ వ్యసనం అప్పటికే ఉంది, అప్పులున్నాయి, 1962లో అన్ని రికార్డులు వరసగా చేయడానికి డబ్బు అవసరం కూడా ఒక కారణం. ఇవన్నీ దాచాల్సిన సంగతులు కావు. కానీ ప్రతి నెమ్మది స్వరాన్నీ ఏడుపుగా వినడం సంగీతకారుడికి మనం చేసే అపచారం. ఈ రికార్డింగ్‌కు మూడు రోజుల ముందు, మే 14న, అతను గిటారిస్టు జిమ్ హాల్‌తో ‘అండర్‌కరెంట్’ రెండో రికార్డింగ్ పూర్తి చేశాడు. బాస్ లేదు, డ్రమ్స్ లేవు, రెండూ కార్డ్‌లు పలికే వాద్యాలే. ఒకరి మీద ఒకరు పడకుండా ఎంత వాయించాలి, ఎంత వదలాలి అన్నది ఆ రికార్డు మొత్తం నడిపిన ప్రశ్న. ఆ చెవితోనే మూడు రోజుల తర్వాత ట్రియో ముందు కూర్చున్నాడు. ‘మూన్ బీమ్స్’లో కనబడే పొదుపు దుఃఖం వల్ల వచ్చిందా, ఆ సాధన వల్ల వచ్చిందా అంటే నేను రెండో దానివైపే ఎక్కువ మొగ్గుతాను.

పైగా కుప్పకూలిన మనిషి ఇన్ని సొంత పాటలు తెచ్చుకోడు. ‘ఎక్స్‌ప్లొరేషన్స్’లో ఎవాన్స్ రాసిన పాట ఒక్కటి కూడా లేదు. 1962లోని ఈ మూడు రోజుల రికార్డింగ్‌లో అయిదున్నాయి. ‘మూన్ బీమ్స్’లో మొదటిదైన ‘రీ: పర్సన్ ఐ న్యూ’, చివరిదైన ‘వెరీ ఎర్లీ’. రెండో ఆల్బమ్‌లో ‘వాకింగ్ అప్’, ‘34 స్కిడూ’, ‘షో-టైప్ ట్యూన్’. వీటిలో ‘వెరీ ఎర్లీ’ లూసియానాలో కాలేజీ చదువు రోజుల్లో రాసుకున్నది. బృందం మారుతున్న కాలంలో నాయకుడు పాత పాటలతో కాలక్షేపం చేయడం మామూలు. ఇతను తన సొంత స్వరరచనలు బయటికి తీసి కొత్త మనిషి ముందు పెట్టాడు.

అవి ఎంత గట్టి పునాది అయ్యాయో తెలియాలంటే 1970 జూన్‌లో స్విట్జర్లాండ్‌లో రికార్డు చేసిన ‘మాంత్రో 2’ చూడండి. బాస్ మీద ఎడ్డీ గోమెజ్, డ్రమ్స్ మీద మార్టీ మొరెల్. అందులో ‘వెరీ ఎర్లీ’, ‘34 స్కిడూ’, ఎర్ల్ జిండార్స్ రాసిన ‘హౌ మై హార్ట్ సింగ్స్’ మూడూ ఉన్నాయి. ఎనిమిదేళ్ల తర్వాత, వేరే ట్రియోతో, ఆ మూడు రోజుల సరుకే వాయిస్తున్నాడు. ‘రీ: పర్సన్ ఐ న్యూ’ అయితే 1974లో వాన్‌గార్డ్‌లో రికార్డు చేసి 1981లో విడుదలైన ఆల్బమ్‌కు పేరే అయింది.

మోషియన్‌ను మరచిపోకూడదు. పాత ట్రియోలోంచి కొత్తదానిలోకి వచ్చిన ఏకైక తోడు అతనే. ఈ ఆల్బమ్‌లో ఎక్కువగా బ్రష్‌లతోనే (పుల్లల బదులు వాడే సన్న తీగల కుంచెలతోనే) వాయిస్తాడు. నాలుగు దెబ్బలూ లెక్కపెట్టినట్టు వేయడు, అయినా కాలం ఎక్కడా జారదు. 1964లో కాలిఫోర్నియాలో అతను ఎవాన్స్‌ను వదిలి వెళ్లిపోయాడు. ఇజ్రాయెల్స్ 1966 దాకా ఉన్నాడు. అప్పటికి ఎవాన్స్ వెర్వ్ కంపెనీకి మారిపోయి చాలా కాలమైంది, రివర్‌సైడ్ 1964లోనే దివాలా తీసింది. కాబట్టి ఈ జంట ఆల్బమ్‌లు ఒక ట్రియోకూ ఇంకో ట్రియోకూ మధ్యనే కాక, ఒక కంపెనీకీ ఇంకో కంపెనీకీ మధ్య కూడా పడ్డాయి. వీటికి రావాల్సినంత పేరు రాకపోవడానికి అదీ ఒక కారణమేనని నా నమ్మకం.

వినే పద్ధతి చెప్తాను. రెండు ఆల్బమ్‌లలో ఎనిమిదేసి పాటలు. ఒకటి దీన్లోంచి, ఒకటి దాన్లోంచి తీసి ఒకే వరసగా పేర్చుకోండి. ‘రీ: పర్సన్ ఐ న్యూ’ తర్వాత ‘వాకింగ్ అప్’, తర్వాత ‘పోల్కా డాట్స్’, తర్వాత ‘హౌ మై హార్ట్ సింగ్స్’, ఇలా. చివరన ‘వెరీ ఎర్లీ’ ఉంచండి. స్టూడియోలో వాళ్లకు ఎలా అనిపించిందో దానికి దగ్గరగా వెళ్తారు. ‘హౌ మై హార్ట్ సింగ్స్’ వచ్చినప్పుడు బాస్ మీదే చెవి పెట్టండి. పాట మూడు దెబ్బల లయలో మొదలై, మధ్య భాగంలో నాలుగుకు మారి, మళ్లీ మూడుకు వస్తుంది. ఆ మలుపుల దగ్గర మనం తడబడకుండా ఉన్నామంటే అది ఇజ్రాయెల్స్ చలవ. హెడ్‌ఫోన్లతో వినండి, ఫోన్ స్పీకర్‌లో ఈ బాస్ సగం కూడా వినబడదు. మీకు బాస్ మూలన కూర్చున్నట్టు అనిపించడానికి అది కూడా కారణం కావచ్చు.

మధ్యలో ‘ఇఫ్ యు కుడ్ సీ మీ నౌ’ వస్తుంది, ట్యాడ్ డామెరాన్ రాసింది. అదే 1962లో డామెరాన్ సొంత ఆల్బమ్ ‘ద మ్యాజిక్ టచ్’లో పియానో వాయించినవాడు ఎవాన్సే. రచయిత పక్కన కూర్చుని వాయించిన మనిషి ఆ పాటను ఎంత జాగ్రత్తగా పట్టుకున్నాడో వినండి. నాకు ఈ ఆల్బమ్‌లో అన్నిటికన్నా ఇష్టమైనది అదే. ‘స్టెయిర్‌వే టు ద స్టార్స్’ మాత్రం మిగతావాటంత నిలవదు. అట్ట మీద వెల్లకిలా కనబడే అమ్మాయి ఎవరని చాలామంది అడుగుతుంటారు. ఆమె నికో, అప్పటికి మోడల్. కొన్నేళ్ల తర్వాత వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అనే రాక్ బృందంతో పాడింది.

ఇక పియానో మీద ఏది ముందు? చాలామంది ‘వెరీ ఎర్లీ’ మీద పడతారు, పేరు చూసి సులువనుకుంటారు. అది మూడు దెబ్బల వాల్ట్జ్, పాట వరస చేతికి వెంటనే వస్తుంది. కానీ కార్డ్‌లు చూడండి: సి మేజర్ సెవెన్, బి ఫ్లాట్ సెవెన్, ఈ ఫ్లాట్ మేజర్ సెవెన్, ఏ ఫ్లాట్ సెవెన్, డి ఫ్లాట్ మేజర్ సెవెన్, జి సెవెన్, మళ్లీ సి. ఏడు బార్లలో (ఆవర్తాల్లో) మూడు శ్రుతులు తిరిగి ఇంటికి వచ్చేశాడు. ఇది రెండో మెట్టు. మొదట ‘ఐ ఫాల్ ఇన్ లవ్ టూ ఈజిలీ’ పట్టుకోండి. 16 బార్ల చిన్న పాట, రికార్డులో కూడా మూడు నిమిషాల లోపే అయిపోతుంది. ముందు కుడి చేత్తో పాట, ఎడమ చేత్తో రూట్ స్వరాలు మాత్రమే వాయించండి. అది మీరే ఇజ్రాయెల్స్ అయినట్టు. పునాది చెవిలో స్థిరపడ్డాక ఎడమ చేతిని పైకి తెచ్చి రూట్ లేని పట్టులు పెట్టండి. అప్పుడు పునాది మీ లోపల మోగుతూ ఉండాలి. మోగకపోతే మళ్లీ రూట్ స్వరాల దగ్గరికే వెళ్లండి, తొందర లేదు. తెలిసిన బాసిస్టు ఎవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని, ఒకసారి ఆయన్ను రూట్లు మాత్రమే వేయమనండి, ఇంకోసారి ఆయన ఇష్టానికి వదిలేయండి. మీ వేళ్లు రెండుసార్లూ అవే పట్టులు వాయిస్తాయి. ఏ సారి మీకు మీ నడిమి స్వరాలు బాగా వినబడ్డాయో రాయండి, అక్కడినుంచి ‘వెరీ ఎర్లీ’ మొదటి 16 బార్ల పట్టులు రాసి పెడతాను.